రెండో పేరు

ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్స్ వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ మేడ మీద, ఫారూఖ్, ఎల్లాజీ కలిసి కంప్యూటర్లు బిగించి అమ్మేవారు. ఇది రెండువేల రెండు నాటి మాట. ఫారూఖ్‌ది పాతనగరం, తండ్రి కరీం బాషా రేడియోలు బాగుచేసేవాడు. ఎల్లాజీ తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. పాలిటెక్నిక్‌లో మూడేళ్లూ ఇద్దరిదీ ఒకే బెంచీ.

పెద్ద కంపెనీ కంప్యూటర్లలో సిస్టమ్ వివరాలు చూపించే తెర మీద ఆ కంపెనీ బొమ్మ, పేరు ఉంటాయి. విడి భాగాలు కొని బిగించినవాటిలో ఆ చోటు ఖాళీ. ఆ ఖాళీ ఫారూఖ్‌కు నచ్చేది కాదు. ఒక చిన్న బొమ్మ ఫైలు, నాలుగు వరుసల రాత ఫైలు విండోస్ ఫోల్డర్‌లో పెడితే అక్కడ మనకు కావలసిన పేరు వస్తుందని ఎక్కడో చదివి తెలుసుకున్నాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ను రెండు రోజులు కూర్చుని చుక్క చుక్కగా గీశాడు. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఫారూఖ్, ఎల్లాజీ అని రెండు పేర్లు, షాపు ఫోన్ నంబరు. ఎవరింట్లో కంప్యూటర్ పెట్టినా ముందు ఆ తెర తెరిచి చూపించేవాడు.

ఆ ఏడు రంజాన్ నెల ఆఖరి వారంలో ఫారూఖ్ మూడు గంటలకే ఇంటికి వెళ్లిపోయేవాడు. అలాంటి ఒక సాయంత్రం ఒకాయన షాపుకొచ్చాడు. కంప్యూటరు, మంచి స్కానరు, కలర్ ప్రింటరు కావాలన్నాడు. మధురవాడలో కొత్త అపార్ట్‌మెంట్‌కి తెచ్చిపెట్టాలన్నాడు.

"బిల్లు ఏ పేరు మీద రాయమంటారు సార్?" అని ఎల్లాజీ అడిగాడు.

"బిల్లొద్దు. పేరూ వద్దు."

ఎల్లాజీకి అనుమానం వచ్చింది. అయినా ఆ నెలలో అదే మొదటి బేరం. మర్నాడు ఫారూఖ్ వెళ్లాక మిషన్ సిద్ధం చేస్తూ రాత ఫైలు దగ్గర ఆగాడు. ఎందుకైనా మంచిదని తన పేరు చెరిపేశాడు. ఫారూఖ్ పేరు అలాగే ఉంది. సేవ్ చేసి మూసేశాడు. మిషన్ తనే తీసుకెళ్లి పెట్టొచ్చాడు. ఆ బేరం సంగతి కూడా ఫారూఖ్‌కు చెప్పలేదు.

ఫిబ్రవరిలో పోలీసులు ఆ అపార్ట్‌మెంట్ మీద పడ్డారు. దొంగ మార్కుల జాబితాలు మూడు పెట్టెల నిండా దొరికాయి, మనిషి పారిపోయాడు. కంప్యూటర్ తెరిచి చూస్తే లైట్‌హౌస్, ఒక పేరు, ఒక ఫోన్ నంబరు.

మధ్యాహ్నానికి ఇద్దరు కానిస్టేబుళ్లు మేడెక్కి వచ్చారు.

"ఫారూఖ్ ఎవుడ్రా?"

ఫారూఖ్ లేచి నిలబడ్డాడు. రెండో కానిస్టేబులు ఎల్లాజీ వైపు తిరిగాడు.

"నువ్వెవుడివి?"

"ఇక్కడ పన్లో ఉన్నానండి," అన్నాడు ఎల్లాజీ.

ఫారూఖ్ అతని వంక ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వాళ్ల వెంట మెట్లు దిగాడు.

స్టేషన్లో ఎస్సై ఎంత అడిగినా ఫారూఖ్ ఒకటే మాట చెప్పాడు. "ఇది నాను అమ్మలేదు సార్. మేం అమ్మినవాటిలో రెండు పేర్లుంటాయి."

"ఇందులో ఒకటే ఉంది. సూడు," అని ఎస్సై మానిటర్ అతని వైపు తిప్పాడు.

ఫారూఖ్ చూశాడు. బొమ్మ తనదే. పేరు తనదే. కింద వరుస ఉండవలసిన చోట ఏమీ లేదు. ఆ ఫైలు మార్చడం తెలిసినవాడు తను కాక ఇంకొక్కడే. ఆ తర్వాత ఫారూఖ్ నోరు విప్పలేదు. విప్పలేదన్న కోపంతోనే కొట్టారు. కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి.

మూడో రోజు ఫారూఖ్ తల్లి షంషాద్ షాపు మెట్లెక్కి వచ్చింది. "బేటా, వాడు నాతో కూడా ఏమీ సెప్పట్లేదు. నీకేటైనా తెలిస్తే వచ్చి సెప్పు," అంది.

"రేపొత్తానమ్మా," అన్నాడు ఎల్లాజీ.

మర్నాడు స్టేషన్‌కు వెళ్లాడు. అమ్మింది తనేనని, పేరు చెరిపింది కూడా తనేనని చెప్పేశాడు. ఎస్సై విసుగ్గా చూశాడు. పారిపోయినవాడు ముందురోజే దొరికాడు, అంతా ఒప్పుకున్నాడు. "ఇప్పుడా వచ్చీది?" అని ఒక చెంపదెబ్బ కొట్టి, కాగితం రాయించుకుని, ఇద్దరినీ పొమ్మన్నాడు.

బయట ఆటోస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. ఫారూఖ్ చేతికి తువ్వాలు చుట్టి ఉంది.

"ఒక్కటే అడుగుతాను బావ. నీ పేరు తీసినోడివి, నా పేరెందుకుంచావు?"

"కావాలని ఉంచలేదు బావ. అప్పుడు నా పేరొక్కటే కనబడింది నాకు."

ఫారూఖ్ తలూపాడు. ఎడమచేత్తో ఆటో కమ్మీ పట్టుకుని ఎక్కి, ఒక్కడే వెళ్లిపోయాడు. షాపుకు మళ్లీ రాలేదు.

అరెస్టయిన మర్నాడు పేపర్లో ఫారూఖ్ పేరు పడింది, వదిలేసిన వార్త పడలేదు. ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకే కోరిక: మా కంప్యూటర్లో ఆ పేరు ఉంది, వచ్చి తీసెయ్. ఎల్లాజీ సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతిచోటా ఆ తెర తెరిచి, రాత ఫైలూ, బొమ్మ ఫైలూ తీసేసేవాడు. పదకొండిళ్లు అయ్యాయి.

పన్నెండోది గాజువాకలో టిఫిన్ కొట్టు నడిపే వరహాలమ్మ ఇల్లు. ఫోన్ చేసింది ఆమె కొడుకు. ఎల్లాజీ వెళ్లేసరికి ఆమె ఒక్కతే ఉంది.

"ఏటి తీత్తావు?" అని అడిగింది.

ఎల్లాజీ చూపించాడు. ఆమెకు చదువు రాదు. లైట్‌హౌస్ బొమ్మ గుర్తుపట్టింది. "ఆ అబ్బి ఇది సూపించి ఎంత మురిసిపోనాడో. ఏం తప్పు సేసినాడని తీత్తన్నావు?"

"ఆడేం తప్పూ సెయ్యలేదమ్మా. సేసింది నాను."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. కూర్చోమనలేదు, మంచినీళ్లు తెస్తాననలేదు.

"అలాగైతే ముట్టుకోకు. మా ఓడితో నాను సెప్పుకుంటాను. నువ్వెల్లు," అంది.

ఎల్లాజీ మౌస్ వదిలేసి లేచాడు. వాకిట్లో సైకిలు స్టాండు తీశాడు. ఆమె వెనకే వచ్చి గొళ్లెం పెట్టుకున్న చప్పుడు వినిపించింది.