తొంభై ఒకటి

దక్షిణామూర్తి గారు రాజమండ్రిలో ఒక బి.ఎడ్. కాలేజీలో ముప్పై ఏళ్లు సైకాలజీ చెప్పారు. తెలివంటే ఒకే శక్తి అనేవాళ్లున్నారు, పలు రకాలనేవాళ్లున్నారు, పరీక్షలో వచ్చిన అంకెతో పిల్లల్ని తూచకూడదు అని తరగతిలో గొంతు చించుకునేవారు. ఇంటికొచ్చేసరికి ఆ వాదనలన్నీ చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచేవారు.

తెలివితేటల పరీక్ష ఎలా పెట్టాలో విద్యార్థులకు చూపించడానికి ఎనిమిదేళ్ల కూతురు ఉమాశ్రీనే బల్ల ముందు కూర్చోబెట్టారు. గదినిండా కొత్త ముఖాలు. బాత్‌రూముకు వెళ్లాలని చెప్పడానికి భయం. బొమ్మలో ఉన్నట్టు పేర్చమన్న ఎర్రా తెల్లా చెక్కముక్కలు జారి కిందపడ్డాయి. సగటు నూరైతే ఆమెకు తొంభై ఒకటి వచ్చింది. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లకు ఇంటర్లో లెక్కలు వద్దన్నారు. "నీ వల్ల కాదమ్మా" అని ప్రేమగానే అన్నారు. ఆ ప్రేమకే ఆమెకు ఒళ్లు మండేది. భీమవరంలో ఇంజనీరింగు తమ్ముడు శశిభూషణ్ చదివాడు. వాడికి నూట ఇరవై ఆరు మరి!

మళ్లీ ఒక్కసారి పరీక్ష పెట్టమని ఎన్నిసార్లు అడిగిందో. ఆయన నవ్వేసేవారు. "నేను పొరబడ్డానమ్మా" అని ఆయన నోటితో ఒక్కసారి వినాలన్న ఆశ, యాభై దాటినా ఆమెకు చావలేదు.

ఇప్పుడు పరీక్ష ఆయనకు. మతిమరుపు ముదిరింది. తమ్ముడు రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమని చెప్పి ఊరుకున్నాడు. ఆస్పత్రిలో సైకాలజిస్టు హరిచందన "ఇది ఏ సంవత్సరమండీ మాస్టారూ?" అంది. ఆయన కిటికీ వైపు చూశారు. వందలోంచి ఏడేసి తీసుకుంటూ వెళ్లమంటే తొంభై మూడు దగ్గర ఆగిపోయారు. ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది ఉమాశ్రీ నాలుక చివరికి గబగబా వచ్చేశాయి. పళ్లు బిగబట్టింది. లోపలెక్కడో సంతోషం వేసింది, వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఈవిడెవరండీ?" అని హరిచందన ఉమాశ్రీని చూపించింది.

ఆయన పరకాయించి చూశారు. "మీ నర్సు కాదూ?"

హరిచందన రిపోర్టు తేవడానికి పక్కగదిలోకి వెళ్లగానే ఆయన భయం భయంగా ఉమాశ్రీ వైపు వంగారు. "నాకెంత వచ్చిందమ్మా?"

కక్ష తీర్చుకోవాలంటే ఇదే అదను. ఆమె బల్ల కింది ఆయన చెప్పులు దగ్గరికి జరిపింది. "బాగానే వచ్చిందండీ."

ఆయన ముఖం వెలిగింది. "రాకేం! మా అబ్బాయికి నా బుర్రే వచ్చింది. మా అమ్మాయికే, పాపం... తొంభై ఒకటి."

ఉమాశ్రీ వంగి ఆయన కాలికి చెప్పు తొడుగుతోంది. "ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోందండీ?"

"ఏం చేస్తుందమ్మా, తొంభై ఒకటితో?" అన్నారాయన జాలిగా, రెండో కాలు ముందుకు చాపుతూ.