రెండున్నర సెంటీమీటర్ల రబ్బరు

ఐలాకి పెద్ద చక్రాల మోజు ఈనాటిది కాదు. పంతొమ్మిదేళ్ళ వయసులో కురిక్క ఊరి సంత మైదానం చుట్టూ రైమో అనే కుర్రాడి డాట్సన్ కారులో తిరిగేటప్పుడు పట్టుకుంది. ఆ రోజుల్లో ఆ ఊరి కుర్రకారుకి వేరే పనేముంది? శుక్రవారం సాయంత్రమైతే మైదానం చుట్టూ ఇరవైసార్లు తిరగడం, సాసేజీల బడ్డీ దగ్గర ఆగడం, మళ్ళీ తిరగడం. ఎవడి చక్రాలు వెడల్పుగా ఉంటే వాడే మొనగాడు. రైమో చక్రాలు అందరికంటే వెడల్పు.

ఆ కారు ఏడాది తనిఖీకి వచ్చిన రోజున, అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన తాయిస్తో కొలబద్ద పెట్టి చూశాడు. చక్రం మడ్‌గార్డు దాటి రెండు వేళ్ళు బయటికి వచ్చింది. కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశాడు. పక్క సీట్లోంచి ఐలా దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "కళ్ళు ఉండాల్సిన చోట కూడా కొలబద్దలే ఉన్నాయా నీకు?" అని నిలదీసింది.  మరుసటి శుక్రవారం ఆమెని వెతుక్కుంటూ తాయిస్తోనే సంత మైదానానికి వెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి పెళ్ళయింది. రైమో టైర్ల షాపు పెట్టుకున్నాడు.

నలభై నాలుగేళ్ళ కాపురంలో ఐలా ఆ సంగతి ఎత్తిపొడవని వారం లేదు. తన చిన్న ఎర్ర కారుకి టైర్లు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ, "ఈసారైనా పెద్దవి వేయించవయ్యా ఇనస్పెక్టరూ, నీ సొమ్మేం పోయింది?" అనేది. "కారుతో పాటు వచ్చినవే చాలు," అనేవాడు తాయిస్తో. పిల్లలు లేని ఇంట్లో అదొక ఆటగా సాగిపోయింది.

ఫిబ్రవరిలో ఆ ఆట ఆగింది. ఎప్పుడో నయమైందనుకున్న రొమ్ము క్యాన్సరు ఐలా వెన్నెముకలోకి దిగిందని డాక్టరు చెప్పింది. ఎముక గుల్లబారిపోయిందనీ, బరువులు ఎత్తకూడదనీ, జారిపడకూడదనీ, కుదుపులు తగలకూడదనీ చెప్పింది. మహా అయితే వేసవి దాటుతుందంది. ఇద్దరూ ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుని తాగారు. ఎవరికీ చెప్పలేదు. పక్కింటావిడ అడిగితే, "నడుం పట్టేసింది, అంతే," అన్నాడు తాయిస్తో. ఆ ఊరి మగాళ్ళంతే! ఇల్లు అంటుకుంటున్నా, ఎలా ఉన్నావంటే "బానే ఉంది" అంటారు. ఆడవాళ్ళూ తక్కువేం తినలేదు.

మే నెలలో ఒకనాటి పొద్దున ఐలా కాఫీ కప్పు పక్కకి జరిపి అడిగింది.

"నడివేసవి పండక్కి సరస్సు దగ్గరికి వెళ్దాం. రేవు చెక్క మీద కూర్చుని ఒక్కసారి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటాను. నా కారులోనే వెళ్దాం. పోయేముందు సంత మైదానం చుట్టూ ఒక చుట్టు."

"సరే."

"పెద్ద చక్రాల మీద!" అని నవ్వింది. ఏదో నోటికొచ్చి అన్న మాట. కాని తాయిస్తో నవ్వలేదు. లేచి వెళ్ళి సొరుగులోంచి కొలబద్ద, పెన్సిలు, లెక్కల పుస్తకం తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలూ మనిషి మనిషిలా లేడు. వంటగది బల్ల నిండా కాగితాలే. ఇప్పుడున్నవి పదిహేను అంగుళాల చక్రాలు. పదిహేడు వేయాలి. చక్రం పెరిగితే టైరు మందం తగ్గాలి, లేకపోతే మొత్తం ఎత్తు మారి స్పీడు ముల్లు అబద్ధం చెబుతుంది. బోల్టుల మధ్య దూరం, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య సందు, టైరు మోయగల బరువు, అన్నీ కొలిచాడు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే రాసుకుంటుందేమోనని చక్రం పక్కన అట్టముక్క పెట్టి చూశాడు. పాత చక్రం మొత్తం ఎత్తుకీ కొత్తదానికీ తేడా ఒక్క మిల్లీమీటరు తేలింది. ఆ రోజు గట్టిగా ఈల వేశాడు. గోడకవతల పడుకున్న ఐలా ఆ ఈల విన్నది.

రైమో షాపులో ఇద్దరు ముసలాళ్ళూ గల్లాబల్లకి అటూ ఇటూ నిలబడ్డారు. ఇన్నేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు, వేసవి టైర్లకీ, మంచులో జారని చలికాలం టైర్లకీ కలుసుకోవడమే తప్ప కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

"పదిహేడా?" అన్నాడు రైమో కాగితం చూసి. "నువ్వా? ఎవరక్కడ, క్యాలెండరు మీద గుర్తు పెట్టండ్రా! ఇనస్పెక్టరుగారు చక్రాలు పెంచుతున్నారు!"

"రూలు ప్రకారమే ఉంది. అంగుళం బయటికి రాదు."

"రాదులే, నీ సంగతి నాకు తెలీదూ! కాని చూడు, రబ్బరు ఎంత పోతోందో." రైమో రెండు టైర్లు పక్కపక్కన నిలబెట్టి వేళ్ళతో చూపించాడు. "ఇది పదకొండుకి పైన. ఇది తొమ్మిది కూడా లేదు. రెండున్నర సెంటీమీటర్లు. గుంత వస్తే మింగేది ఆ రబ్బరే. తారురోడ్డు మీద రాజాలా ఉంటుంది, మట్టిరోడ్డెక్కావా, ప్రతి రాయీ వచ్చి పలకరిస్తుంది. పదహారు తీసుకో. లేదా పాతవే ఉంచుకో. ఎవరు కూర్చుంటారు ఇందులో?"

"ఐలా."

"ఎలా ఉంది ఐలా? ఈ మధ్య కనబడటం లేదు."

తాయిస్తో టైరు మీద అంకెలు చదువుతున్నట్టు వంగాడు. చెప్పడానికి ఒక్క ముక్క చాలు. గొంతు దాకా వచ్చింది కూడా. గల్లాబల్ల అవతల ఉన్నది రైమో. ఈ మనిషి ముందు ఏడుపొస్తే?

"బానే ఉంది," అన్నాడు. "పదిహేడే కావాలంది."

"ఆవిడంతే!" రైమో మొహం వెలిగిపోయింది. "అయితే ఇంక నేను అడ్డం రాను. పాతవి నా దగ్గరే అటక మీద పెడతాను."

పండగ రోజు పొద్దున వాకిట్లో కారు నిలబెట్టాడు. అయిదు రేకుల వెండిరంగు చక్రాలు. ఐలా పండక్కని గుమ్మంలో పెట్టిన భూర్జ చెట్టు కొమ్మలు పట్టుకుని నిలబడి చూసింది. "అమ్మ బాబోయ్!" అంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నలభై నాలుగేళ్ళు పట్టిందయ్యా నీకు." కారు చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు నడిచి, ఒక్కో చక్రాన్నీ చేత్తో తాకింది.

సంత మైదానం చుట్టూ మూడు చుట్లు తిరిగారు. కిటికీ దించి, మోచెయ్యి బయటపెట్టి, సాసేజీల బడ్డీ దగ్గర పదహారేళ్ళ కుర్రాళ్ళకి చెయ్యూపింది. వాళ్ళు చక్రాలు చూసి బొటనవేళ్ళు పైకెత్తారు. ఐలా పకపకా నవ్వింది. తాయిస్తోకి తన జన్మలో ఇంత మంచి పని ఇంకోటి చెయ్యలేదనిపించింది.

ఊరు దాటాక నలభై కిలోమీటర్లు నున్నటి తారు. ఆ తర్వాత సరస్సు దాకా తొమ్మిది కిలోమీటర్ల మట్టిరోడ్డు. ఎండలకి గట్టిపడి, లారీలు తిరిగి తిరిగి రేకులషెడ్డు కప్పులాగా వరసలు కట్టి ఉంది. మలుపు తిరగ్గానే కారంతా దడదడలాడింది. స్టీరింగులోంచి తాయిస్తో మోచేతుల దాకా పాకింది ఆ అదురు. ఐలా తలుపు మీది పిడి పట్టుకుంది.

"నెప్పిగా ఉందా?"

"బానే ఉంది, పోనియ్యి."

ముప్ఫైకి తగ్గించాడు. ఇరవైకి. పదికి. రాయి మీద రాయి. మూడో కిలోమీటరు దగ్గర మళ్ళీ అడిగాడు. "బానే ఉంది, పోనియ్యి," అంది ముందుకే చూస్తూ. పై పెదవి మీద చెమట పట్టింది. పిడి పట్టుకున్న వేళ్ళు పాలిపోయాయి. అయిదో కిలోమీటరు దగ్గర నీడలో కనబడని గుంత ఒకటి తగిలింది. చిన్న గుంతే. ఐలా నోట్లోంచి వచ్చిన అరుపు అంతవరకూ తాయిస్తో ఎన్నడూ విన్నది కాదు.

ఇంజన్ ఆపాడు. దిగి ఆమె వైపు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తను ఏం చేశాడో అప్పుడు అర్థమైంది అతనికి. కొలవనిదంటూ లేదు. బోల్టులు కొలిచాడు, సందులు కొలిచాడు, స్పీడు ముల్లు అబద్ధం చెప్పకూడదని రాత్రింబవళ్ళు లెక్కలు కట్టాడు. ఈ వెన్నెముక ఒక్కటే కొలవలేదు. రైమో అంత స్పష్టంగా వేళ్ళతో చూపిస్తే, డాక్టరు చెప్పిన మాటా రైమో చెప్పిన మాటా పక్కపక్కన పెట్టుకోలేకపోయాడు.

"నన్ను తిట్టు ఐలా. తిట్టవే."

"నాకు తెలుసు." ఊపిరి చిక్కబట్టుకుంటూ చెప్పింది. "ఇలా ఉంటుందని నాకు ముందే తెలుసు. రైమో డాట్సన్‌లో రెండేళ్ళు తిరిగానయ్యా... కుర్చీలో కూర్చోలేకపోయేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు ఈల వేస్తున్నావు. ఫిబ్రవరి నుంచీ ఒక్కసారి వెయ్యలేదు. ఎలా వద్దనమంటావు?"

తాయిస్తో ఆమె ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఐలా అతని బట్టతల మీద చెయ్యి వేసి ఉంచింది.

అంబులెన్సు వద్దంది ఐలా. తాయిస్తో ఫోను చేస్తే రైమో పండగ భోజనం దగ్గర్నుంచి లేచి, పాత చక్రాలు వ్యానులో వేసుకుని గంటలోపు వచ్చాడు. ఐలాని కదిలించే వీల్లేదు. ఆమె కూర్చుని ఉండగానే, జాకీ వెంట్రుకవాసి చొప్పున లేపుతూ, ఒక్కో చక్రం మార్చారు ఇద్దరూ.

"చూశావా రైమో," అంది ఐలా కిటికీలోంచి, సన్నని గొంతుతో. "అప్పుడు ఇతను నీ చక్రాలు ఊడదీయించాడు. ఇవాళ నువ్వు వచ్చి ఇతనివి ఊడదీస్తున్నావు. చెల్లుకి చెల్లు."

రైమో నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. వెనక చక్రం దగ్గర వంగి, "ఏమైంది ఆవిడకి?" అని గుసగుసగా అడిగాడు.

"నడుం పట్టేసింది," అన్నాడు తాయిస్తో.

సరస్సు ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. ఐలా చెట్ల సందుల్లోంచి చాలాసేపు అటే చూసింది. నీళ్ళు అక్కడికి కనబడవు. "వెనక్కి తిప్పు," అంది చివరికి. పాత చక్రాల మీద, గాలి సగం తీసిన టైర్ల మీద, నడిచే మనిషి వేగంతో తారురోడ్డు దాకా వెనక్కి వచ్చారు. అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికే వెళ్ళారు. మూడు వారాల తర్వాత ఐలా అక్కడే పోయింది. ఏ జబ్బుతో పోయిందో రైమోకి పేపర్లో వేసిన నాలుగు వాక్యాలు చదివాక గాని తెలియలేదు.

అక్టోబరు ఆఖరి వారంలో ఊరంతా చలికాలం టైర్లకి వరస కట్టింది. తాయిస్తో కూడా ఎర్ర కారు తీసుకుని వచ్చాడు. రైమో బయటికొచ్చి చూసి నిలబడిపోయాడు. కారు మీద అవే వెండిరంగు చక్రాలు. వేసవిలో రైమో వాకిట్లో దించిపోయినవాటిని తాయిస్తో తనే మళ్ళీ ఎక్కించుకుని వచ్చాడు.

"ఆ రోజు నువ్వడిగావు, ఎలా ఉందని," అన్నాడు తాయిస్తో కారు దిగకుండానే. "క్యాన్సరు వెన్నెముకంతా తినేసింది. నాకు ఫిబ్రవరి నుంచీ తెలుసు. నీకు చెప్పలేదు."

రైమో చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. "చెప్పి ఉంటే ఆ చక్రాలు నీకు అమ్మేవాణ్ణి కాదు," అన్నాడు. "నీ కాళ్ళు పట్టుకునైనా ఆపేవాణ్ణి."

"తెలుసు."

"ఒక్క ముక్క, తాయిస్తో! ఒక్క ముక్క చెప్పడానికి ఏమొచ్చిందయ్యా నీకు?"

 తాయిస్తో తన వైపు తలుపు తెరుచుకుని దిగి, చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీటు తలుపు తీశాడు.

"చలికాలంవి రేపు వేద్దువుగాని. ఇవాళ నువ్వు నడుపు. నేను ఇక్కడ కూర్చుంటాను."

వరసలో ఉన్నవాళ్ళు గొణిగినా రైమో షాపు పనివాళ్ళకి అప్పగించి తాళంచెవి అందుకున్నాడు. నలభై కిలోమీటర్ల తారు దాటి సరస్సు వైపు మలుపు తిరిగారు. మట్టిరోడ్డు మంచుకి గడ్డకట్టి, వేసవిలో కంటే ఘోరంగా ఉంది. మొదటి రాయికే తాయిస్తో పళ్ళు టకటకలాడాయి. కూర్చున్న చోటునుంచి మెడదాకా ప్రతి రాయీ విడివిడిగా తెలుస్తోంది. గట్టి ఎముకలున్న మనిషికే ఇలా ఉంటే అని లెక్క కట్టబోయి, కట్టలేక, తలుపు మీది పిడి పట్టుకున్నాడు. ఆ పిడి ఐలా పట్టుకున్నదే.

అయిదో కిలోమీటరు దగ్గర ఆ గుంత అలాగే ఉంది. రైమో దాన్ని చూసి, బ్రేకు మీద కాలు పెట్టి, పక్క సీటు వైపు తిరిగాడు. తాయిస్తో చెంపల మీంచి నీళ్ళు కారి కోటు కాలరు తడిసిపోయింది.

"తిప్పెయ్యనా?" అన్నాడు రైమో. "ఇక చాల్లే, తాయిస్తో."

తాయిస్తో ముందుకే చూస్తున్నాడు. సరస్సు ఇంకా నాలుగు కిలోమీటర్లుంది.

"బానే ఉంది," అన్నాడు. "పోనియ్యి."