గూడెక్కడో చెప్పను

ఆమె ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేది. చిన్నప్పుడే జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. నలభై ఆరేళ్ళు వచ్చినా చేతికర్ర లేనిదే అడుగు పడదు.

మందుల షాపాయన ప్రతి ఆదివారం పొద్దున్నే ఓ పాతికమందిని వెంటేసుకుని ఊరి వెనక కొండ ఎక్కేవాడు. తానూ వస్తానని ఆమె అడిగితే ఎగాదిగా చూశాడు.

"నీ నడకతో మేం పైకెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నమవుతుంది. ఇంట్లో కూర్చుని టీవీలో చూసుకోమ్మా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆమెకు ఒళ్ళు మండింది. మంగళవారం దుకాణానికి సెలవు. ఆ రోజు ఒంటరిగా బయల్దేరింది. తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పడితే ఎవరు మోసుకొస్తారక్కా?"

"పడ్డప్పుడు చూద్దాంలే. ముందు తప్పుకో."

మొదటిసారి మూడో మలుపు దాకానే వెళ్ళగలిగింది. ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నచోట చీమలు ఒక మిడత రెక్కను నిలువునా ఎత్తి మోసుకుపోతున్నాయి. గాలి వీచినప్పుడల్లా అది పక్కకు ఒరిగేది, మళ్ళీ నిలబెట్టేవి. అవి రాతి సందులోకి దూరేదాకా కదల్లేదు ఆమె. ప్రతి మంగళవారం ఇంకాస్త పైకి వెళ్ళింది. నున్నటి బండ అడ్డమొస్తే కర్రను వీపుకు కట్టుకుని డేకింది.

ఏడో మంగళవారం ఆ బండెక్కి తల తిప్పేసరికి, ఎదురుగా ఒక రాయి కళ్ళు తెరిచింది. గుడ్లగూబ! అచ్చం రాతి రంగే. కళ్ళు మాత్రం నిప్పుకణికలు. పొట్టకింద దూదిపింజల్లాంటి రెండు పిల్లలు. ఇన్నేళ్ళూ ఈ కొండ పక్కనే బతికి ఇది చూడకుండా ఎలా ఉన్నానా అనుకుంది. కొలతల చీటీ వెనక పెన్సిలుతో బొమ్మ గీసుకుంది.

ఆ బొమ్మ దుకాణం యజమాని కంటపడితే కొండమీద చూశానని చెప్పింది. ఆ మాట పాకి, రెండు రోజుల్లో మందుల షాపాయన దుకాణంలో ఊడిపడ్డాడు.

"అదెక్కడుందో చూపించు. మా బృందంలో చేర్చుకుంటాం. అందరం ఫొటోలు తీసుకుంటాం."

"చూపించను."

"అదేంటి?"

"పాతికమంది మీద పడితే తల్లి బెదిరి పిల్లల్ని వదిలేస్తుంది."

"ఆయన మనకు పాత ఖాతాదారు, చెప్పెయ్యవమ్మా," అని యజమాని నసిగాడు.

"నన్ను పెట్టుకున్నది కాజాలకి. అవి కుడతాను. ఇది మాత్రం చెప్పను."

"అసలు ఆ కాలితో అంత పైకి ఎలా వెళ్ళావు?" అన్నాడు మందులాయన, నమ్మనట్టుగా.

"డేకుతూ."

ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

సంగతి తెలిసి తమ్ముడు ఇంట్లో ఎగిరిపడ్డాడు. "గుడ్లగూబ కోసం నలుగురితో తగువా! నేనూ వస్తా, అందులో ఏముందో చూస్తా."

"రా. నోరు మెదిపితే మాత్రం వెనక్కి పంపేస్తా."

తమ్ముడికి తీరిక దొరికేసరికి నెలన్నర గడిచి పిల్లలకు రెక్కలొచ్చాయి. ఆ మంగళవారం ఇద్దరూ బండ మీద బోర్లా పడుకున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. తమ్ముడు గొణగబోతే చెయ్యి నొక్కింది. అప్పుడు పెద్ద పిల్ల అంచుకొచ్చి, రెక్కలు విప్పి, తూలి, కింది రాతి మీద కూలబడింది. లేచి దులుపుకుని మళ్ళీ ఎగిరింది. ఈసారి లోయ దాటింది. తమ్ముడు ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు.

కాసేపటికి, "ఎండెక్కింది, పదక్కా," అని గుసగుసగా అన్నాడు.

"నువ్వెళ్ళు. రెండోది ఇంకా ఎగరలేదు."

తమ్ముడు లేవబోయినవాడల్లా మళ్ళీ బండకు అతుక్కుపోయాడు.