గాలి, గోడ, గొయ్యి

వేదాంత పాఠశాలలో మూడో ఏడాది పాఠాలు మూడు: పరిశుద్ధాత్మ, సంఘం, అంత్యకాల సంగతులు. విద్యార్థులు వాటిని గాలి, గోడ, గొయ్యి అని పిలుచుకుంటారు. ఆ పేర్లు మొదట ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఏటా పాత బల్లలతోపాటు అవి కూడా కొత్తవాళ్ళకు సంక్రమిస్తాయి. బోధకులందరూ విని నవ్వుకునేవారు, ఒక్క ప్రిన్సిపాల్‌గారు తప్ప. చదువుకునే రోజుల్లో పెట్టింది ఆయనేనని ఒక వదంతి.

చిన్నోడికి గాలి కష్టం అనిపించలేదు. గోడ ఇంకా తేలిక. గొయ్యి దగ్గరే కాలు ఆగిపోయింది.

చిన్నోడంటే నిజంగా చిన్నవాడు కాదు. ముప్పై దాటి చాలాకాలమైంది, నుదుటి మీది జుట్టు వెనక్కి జరుగుతోంది. ఇంట్లో ఇద్దరు కొడుకుల్లో రెండోవాడు కాబట్టి తల్లి పెట్టుకున్న పేరు. పెద్దోడు చనిపోయాక కూడా ఆ పేరు పోలేదు. ఆమె "చిన్నోడా" అని కేక వేసినప్పుడల్లా, పక్క గదిలో పెద్దోడొకడు ఉన్నట్టే వినిపించేది.

పెద్దోడు కరెంటు పనివాడు. ప్రార్థన మందిరంలో లైట్లూ, ఫ్యాన్లూ, మైకూ అతను బిగించినవే. తల్లి కుట్టు మిషనుకు మోటారు పెట్టిందీ అతనే. ఆమె ఆ మిషను మీద మందిరానికి బాప్తిస్మపు తెల్లబట్టలు కుట్టేది. పెద్దోడి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఉండేది, పెళ్ళి ఫోటోలో కూడా దాని పిడి కనిపిస్తుంది. దానికొక కారణం ఉంది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో చిన్నోడు మందిరం వెనక గదిలో, స్పీకరు పెట్టి తెచ్చిన చెక్కపెట్టెలో దాక్కుంటే పైన గడియ పడిపోయింది. కొట్టి కొట్టి చేతులు వాచాయి. లోపలి గాలి వేడెక్కింది. అప్పుడు పెద్దోడు వచ్చి, గడియ ఊడక, నేలమీద బోర్లా పడుకుని చెక్కల సందుకు నోరు ఆనించాడు. "నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడతా. నువ్వు ఊపిరి పీల్చు" అన్నాడు. ఎవరో పనిముట్టు తెచ్చేదాకా అలాగే ఏవేవో చెబుతూ ఉండిపోయాడు. ఆనాటి నుంచి జేబులో స్క్రూడ్రైవరు లేకుండా గడప దాటలేదు.

అలాంటివాడు ఒకసారి సంఘపెద్దల కూటంలో నోరు జారాడు. మైకు సరిగ్గా వినిపించడం లేదని పెద్దలు తప్పు పడితే, "మైకు బాగానే ఉందండీ, మాటల్లోనే కరెంటు లేదు" అన్నాడు. క్షమాపణ చెప్పమన్నారు. నవ్వాడు. నవ్వినందుకు కూడా చెప్పమన్నారు. అంతటితో అతన్ని రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టి, సంఘంలోంచి పేరు కొట్టేశారు. ఆ తర్వాత అతను మందిరం మెట్లు ఎక్కలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం స్తంభం మీంచి పడి చనిపోయాడు. పెద్దలు ఇంటికి వచ్చారు, కూర్చున్నారు, మంచినీళ్ళు తాగారు. ప్రార్థన మాత్రం చేయలేదు. సంఘం స్మశానంలో చోటు లేదన్నారు. పేటవాళ్ళందరినీ పాతిపెట్టే మట్టిలోనే అతన్నీ పెట్టారు.

ఆ ఏడే చిన్నోడు పాఠశాలలో చేరాడు. దుఃఖం వాణ్ణి దేవుడి దారి పట్టించిందని అందరూ అన్నారు, అతనూ అలాగే అనుకున్నాడు. చేరిన రోజు సాయంత్రం తల్లి మిషను ఆపి ఒకే ఒక్క మాట అడిగింది. పెద్దోడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఆ చదువులో చెబుతారా అని. చెబుతారన్నాడు.

"అది మూడో ఏడాదిలో వస్తుందమ్మా."

ఎందుకు అలా అన్నాడో అతనికి తరువాత ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. మధ్యాహ్నాలు అతను మందుల షాపులో కౌంటరు వెనక నిలబడతాడు. ఈ మాత్రతో తగ్గుతుందా అని ఎవరైనా అడిగితే, డాక్టరుగారిని అడగండి అనడం అక్కడి అలవాటు. చీటీ చదువుతున్నప్పుడు జనం మందు వైపు చూడరు, అతని మొహం వైపు చూస్తారు. అందుకని అతను తన మొహానికి ఒక తర్ఫీదు ఇచ్చుకున్నాడు, ఏ జబ్బు పేరు చదివినా ఒక్క గీత కదలకుండా. తల్లికి కూడా కౌంటరు వెనకనుంచే జవాబు చెప్పానేమోనని అతని అనుమానం.

మొదటి ఏడాది చివర ఆమె మళ్ళీ అడిగింది. ఇంకా రాలేదన్నాడు. రెండో ఏడాది చివరా అదే. మూడో ఏడాది మొదలయ్యాక ఆమె అడగడం మానేసింది. అదే అతన్ని భయపెట్టింది.

పాఠం రానే వచ్చింది. గొయ్యి పుస్తకంలో నాలుగో ప్రకరణం. సంఘం వెలుపల మరణించినవారికి మరొక తలుపు లేదు అని ఒక వాక్యం. దాని కింద వివరణ కూడా లేదు, తరువాతి వాక్యం పునరుత్థానం గురించి మొదలవుతుంది. అతను ఆ రెండు వాక్యాల మధ్య తెల్లటి జాగాలోకి చాలాసేపు చూశాడు. నమ్మాడా అంటే, నమ్మలేదని చెప్పలేడు. నమ్మలేదా అంటే, నమ్మానని చెప్పడానికి నోరు రాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పా అతనే, పామూ అతనే.

తప్పించుకునే దారి కూడా లేదు, ఆ సంఘంలో చివరి పరీక్ష కాగితం మీద జరగదు కాబట్టి. ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరంలో, సంఘమంతా కూర్చుని ఉండగా నిలబడి జవాబులు చెప్పాలి. ప్రిన్సిపాల్‌గారి ప్రశ్నలు అయ్యాక సంఘంలోంచి ఒక్కరు లేచి ఒక్క ప్రశ్న అడగవచ్చు. అడిగేవాళ్ళు పేరు ముందుగా ఇవ్వాలి, ప్రశ్న చెప్పక్కర్లేదు. ఇంకో కట్టుబాటు ఉంది. జవాబిచ్చేవాడు "తెలియదు" అని ఒక్కసారి అనవచ్చు, రెండోసారి అంటే పరీక్ష పోయినట్టే. ఒక్కసారీ అననివాడు గర్విష్ఠి, రెండుసార్లు అన్నవాడు సోమరి అని అక్కడి పాత మాట.

తరగతిలో ఒక మిత్రుడున్నాడు. మాట్లాడితే చాలు ఫలానా పుటలో అడుగున ఉంది అంటాడు కాబట్టి అందరూ వాణ్ణి పాదసూచిక అంటారు. అతని పరీక్ష ముందు వారమే అయిపోయింది.

"'తెలియదు'ని దాచుకో బాబూ. చివరి అగ్గిపుల్లలా దాచుకో" అన్నాడు పాదసూచిక. "నేను రెండో ప్రశ్నకే గీసేశాను. ఆ తర్వాత మిగతా అంతా చీకట్లో తడుములాటే. తడుముతూ తడుముతూ పాసయ్యాను, అది వేరే సంగతి."

చిన్నోడు దాచుకోవాలనే నిశ్చయించుకున్నాడు. ఎవరి కోసం దాచుకోవాలో వదిన చెప్పింది. పెద్దోడి భార్య ఆ ఇంట్లోనే ఉంటూ, అత్తగారు కుట్టిన బట్టలకు కాజాలు తీస్తుంది. మాటల్లో కూడా సూది ఉంటుంది.

"అత్తయ్య పేరిచ్చి వచ్చింది మరిదీ. నీ పరీక్షకి మీ అన్న కూడా వస్తున్నాడు."

ఆ సాయంత్రం మిషనుకు నూనె వేసే మిషతో తల్లి పక్కన కూర్చున్నాడు. మోటారు సన్నగా రొద పెడుతోంది. ఆమె తెల్లబట్ట అంచు మడిచి సూది కిందికి తోస్తోంది. అందరి ముందూ ఎందుకు, ఏదైనా ఉంటే ఇంట్లోనే అడగమని చెప్పడానికి అతను మూడు నాలుగు రకాలుగా మొదలుపెట్టాడు, ఏదీ వాక్యం కాలేదు. చివరికి ఏం అడుగుతావని మాత్రం అడిగాడు.

"లేచి నిలబడితే కదరా తెలిసేది" అంది ఆమె. "ఇంట్లో అయితే నువ్వు నా కొడుకువి. ఏదో ఒకటి చెప్పి నిద్రపుచ్చుతావు. అక్కడైతే చదువుకున్నవాడివి, నిజం చెబుతావు."

ఆ మాటలో కోపం లేదు. నమ్మకం ఉంది. అది ఇంకా ఘోరం. ఆ క్షణంలో అతనికి ఒకటి తెలిసొచ్చింది: తాను ఈ చదువులోకి వచ్చింది దేవుడి కోసమో, దుఃఖం వల్లనో కాదు, ఆమెకు ఒక జవాబు తెచ్చిపెట్టడానికి. తెచ్చాడు కూడా. కానీ అది ఆమె చేతిలో పెట్టదగ్గది కాదు.

పరీక్ష రోజు మందిరం నిండింది. ప్రభువు బల్ల ముందు నడుము ఎత్తు చెక్క కంచె ఉంటుంది. పరీక్ష ఇచ్చేవాడు దాని లోపల నిలబడాలి. చిన్నోడు లోపలికి రాగానే సంఘపెద్ద ఒకాయన కంచె తలుపు మూసి గడియ పెట్టాడు. టక్కుమన్న ఆ చప్పుడు మైకులోంచి మందిరమంతా వినిపించింది. మైకు బాగానే ఉంది. తల్లి మూడో వరసలో, వదిన పక్కన, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ప్రిన్సిపాల్‌గారు గాలితో మొదలుపెట్టారు. ఆత్మ అనే మాటకు ఊపిరి అని అర్థం ఎక్కడెక్కడ ఉంది, ఆత్మ వరాలేమిటి, ఫలాలేమిటి. చిన్నోడు తడుముకోకుండా చెప్పాడు. ఆయన కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

"పుస్తకంలో ఉన్నది చెప్పారు, సంతోషం. ఇప్పుడు పుస్తకం మూసి చెప్పండి. ఆ పరిశుద్ధాత్మ మీలో ఉన్నాడని మీకెలా తెలుసు?"

దీనికి కూడా పుస్తకంలో జవాబుంది. అంతరంగ సాక్ష్యం అనే ప్రకరణం మొదటి పేరా. పెదవుల దాకా వచ్చింది. కానీ దానికంటే ముందు, అడక్కుండానే, చెక్కల వాసన వచ్చింది. చీకటి, వేడి, వాచిన చేతులు, సందులోంచి మొహానికి తగిలే ఒక వెచ్చటి గాలి. నువ్వు ఊపిరి పీల్చు. జీవితంలో తన లోపలికి బయటినుంచి ఏదైనా వచ్చిందంటే అదొక్కటే. అదే సాక్ష్యం అయితే ఆ ఊపిరి ఎవరిది? పేరు కొట్టేసినవాడిది. ఆ మాట ఇక్కడ, ఈ కంచె లోపల, పెద్దోడు బిగించిన మైకులోనే ఎలా చెప్పడం? పుస్తకంలోది చెబితే అబద్ధం అవుతుంది, అదీ ఆత్మ విషయంలో అబద్ధం. మిగతా దేని విషయంలోనైనా ఆడి ఉండేవాడే.

"తెలియదండీ" అన్నాడు.

వెనక వరసలో పాదసూచిక నుదురు పట్టుకోవడం కనిపించింది. ప్రిన్సిపాల్‌గారు ఏమీ అనుకోలేదు, తల పంకించి గోడలోకి వెళ్ళారు, అక్కణ్ణుంచి గొయ్యిలోకి. పునరుత్థానం అడిగారు, తీర్పు అడిగారు, కొత్త ఆకాశం, కొత్త భూమి అడిగారు. నాలుగో ప్రకరణం మాత్రం అడగలేదు. తన గొంతు స్పీకర్లలోంచి తిరిగి వస్తుంటే చిన్నోడు ఎవరో పరాయివాడి ప్రసంగం విన్నట్టు విన్నాడు. అగ్గిపుల్ల అయిపోయింది. లోపల ఆ ఒక్క ఆలోచనే తిరుగుతోంది.

"సంఘంలోంచి" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

తల్లి లేచింది. ముందు బల్ల అంచు పట్టుకుంది. జీవితంలో ఆమె ఆ మందిరంలో పాటలో తప్ప గొంతు ఎత్తలేదు. ఆమె పెదవులు విడివడ్డాయి. అప్పుడు కొడుకు మొహం వైపు చూసింది.

కౌంటరు వెనక అన్నేళ్ళు తర్ఫీదు పొందిన ఆ మొహం, ఆ క్షణాన అన్నీ మరిచిపోయింది. అతనికి తెలుస్తూనే ఉంది. చెంపలు బిగుసుకోవడం, కళ్ళు పక్కకు తప్పుకోవడం తెలుస్తోంది, ఆపలేకపోయాడు. అడకత్తెరలో పోకచెక్కకు ఏ తర్ఫీదు పనికొస్తుంది? ఆమె చీటీ చదివేవాడి మొహం చూసినట్టు చూసింది, చాలాసేపు చూసింది. పట్టుకున్న బల్ల అంచు మీద ఆమె వేళ్ళు ఒకసారి బిగిసి, వదులయ్యాయి.

"సంఘానికి శిరస్సు ఎవరండీ?" అని అడిగింది.

అది ఆదివారపు బడిలో పాలపళ్ళు ఊడని పిల్లలు చెప్పే జవాబు. జనంలో చిన్న నవ్వు లేచింది, ముచ్చటపడ్డ నవ్వు. వదిన మాత్రం తల దించుకుంది.

"క్రీస్తు" అన్నాడు చిన్నోడు.

ఆమెన్ అన్నారు అందరూ. గడియ తీశారు. ప్రిన్సిపాల్‌గారు చెయ్యి కలిపి, మీ అమ్మగారి ప్రశ్న అన్నిటికంటే గొప్పదన్నారు. అటువంటి సూటి విశ్వాసం పుస్తకాలు చదివినవాళ్ళకు రాదన్నారు. పాదసూచిక వచ్చి, తల్లిని ముందే మాట్లాడిపెట్టుకున్నావు గదా దొంగా అని చెవిలో అన్నాడు.

ఇంటికి నడుస్తూ చిన్నోడు గమనించాడు, ఎప్పుడూ ముందు నడిచే తల్లి ఈసారి రెండడుగులు వెనక నడుస్తోంది. అతను ఆగితే ఆమె కూడా ఆగింది. నువ్వు అడగాలనుకున్నది అది కాదు కదమ్మా అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"అడిగాను కదా. మీరు చెప్పారు కదా" అంది ఆమె.

మీరు. మొదట పెద్దలందరినీ కలిపి అంటోందేమో అనుకున్నాడు; కాదు, తననొక్కణ్ణే.

మరుసటి మధ్యాహ్నం ఆమె కొలత టేపు పట్టుకుని పిలిచింది. సంఘం తన కొత్త కాపరికి, అంటే పరీక్ష నెగ్గిన చిన్నోడికి, తెల్లటి అంగీ కుట్టమందట. అతను కిటికీ పక్కన నిలబడ్డాడు. ఆమె చేతులు చాపమంది, చాపాడు. గుండెల చుట్టూ టేపు తిప్పి వీపు మీదుగా తెచ్చింది. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుంది కాబట్టి మాట్లాడక్కర్లేదు. కిటికీ కింద మోటారు ఆగి ఉంది. అతని కళ్ళ ముందే ఆమె నెరిసిన పాపిడి. ఇక్కడ కంచె లేదు, కట్టుబాటు లేదు. ఇంట్లో ఎన్నిసార్లయినా అనవచ్చు.

"అమ్మా, పెద్దోడి సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు."

ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి దిండు ముక్కకు గుచ్చింది. ఆ తర్వాత తలెత్తింది. కళ్ళలో నీళ్ళు లేవు, నిష్ఠూరమూ లేదు. పెద్దలు వచ్చి కూర్చున్న రోజున వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చినప్పటి మర్యాద ఉంది.

"ఆ మాట నిన్న మందిరంలో వాడేశారుగా అయ్యగారూ."

చాపిన చేతులు అతను దించబోయాడు. ఆమె రెండు వేళ్ళతో మోచేతులు పైకెత్తి ఎక్కడివక్కడ నిలబెట్టింది. టేపును మళ్ళీ ఛాతీ చుట్టూ తెచ్చి, కొసలు కలిపి, కొంచెం ఆగింది.

"బిగబట్టకండి, కొలత తప్పుతుంది" అంది. "ఊపిరి పీల్చండి."