మూడుసార్లు వద్దనాలట

మా సౌదీ ఆఫీసులో తెలుగు గుమాస్తా క్రిస్‌కు ఇరానీల గురించి తెలియనిది లేదు. ఎలా తెలుసు? ఫోనులో తెలుసు. అమెరికాలో స్థిరపడ్డ ఇరానీ ఎవడో స్టేజీ ఎక్కి జోకులేస్తుంటే వింటాడు, పళ్ళికిలిస్తాడు, ఆపైన మాకు పాఠం చెబుతాడు. ఇరాన్ ఎటువైపుంది సారూ అని అడిగితే ఠీవిగా కిటికీ చూపించాడు. ఆ కిటికీ అవతల ఉన్నవి మా బాత్రూములు.

"వాళ్ళ మర్యాదని తారోఫ్ అంటారు బాబాయ్," అనేవాడు నాతో. "టాక్సీవాడు డబ్బులొద్దంటాడు. ఇంటికెళ్తే ప్రాణమిచ్చేస్తానంటాడు. ఏదీ నమ్మకూడదు, మూడుసార్లు వద్దనాలి. ఒప్పేసుకున్నామనుకోండి, పరువు పోద్ది."

ఏసీలు బాగుచేసుకునేవాడిని, నాకెందుకీ గోల? నా గోల నాకుంది. సౌదీలను చాలినంతమందిని పెట్టుకోలేదని మా కంపెనీ సర్కారువారి నితాఖత్ లెక్కలో రెడ్‌లో పడింది. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డుల రెన్యువల్ ఆగిపోయింది. నాది రంజాన్ తర్వాత అయిపోతుంది. ఆలోగా గ్రీన్‌లో ఉన్న కంపెనీకి నా కఫాలా, అదే స్పాన్సర్‌షిప్, మారకపోతే నన్ను ఇంటికి పంపేస్తారు. ఆ దిగులుతో అన్నం సహించడం లేదు.

పని మీద వెళ్ళే ఫారినర్ల ఇళ్ళ కాంపౌండ్‌లో బెహ్రూజ్ సార్ అనే ఇంజనీరు ఉన్నాడు. పుట్టింది ఇరాన్‌లో, పాస్‌పోర్టు కెనడాది. దేశం వదిలిపోయిన ఇరానీ గాయకుల పాటలే ఎప్పుడూ వింటాడు. ఒకసారి నేను ఫిల్టర్ కడుగుతుంటే పాట ఆపేసి కళ్ళు తుడుచుకున్నాడు. "మా అమ్మ పాడేది," అన్నాడు అరబీలో. క్రిస్ జోకుల్లో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఓ రోజు ఆయన క్రిస్‌నూ నన్నూ పిలిచి ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"వాళ్ళ కంపెనీలో మెకానిక్ కావాలంట. మిమ్మల్ని తీసుకుంటానంటున్నాడు," అన్నాడు క్రిస్.

"నీ కాళ్ళు మొక్కుత సారూ, వస్తనని చెప్పు!"

"ఊరుకోండి బాబాయ్! తారోఫ్ ఇది. వద్దనండి. నిజమైతే మళ్ళీ మళ్ళీ అడుగుతాడు."

చదువుకున్నోడు కదా అని నమ్మాను. తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఊపాను. మూడోసారి అడిగినా ఊపేసరికి నా భుజం తట్టి, నీ ఇష్టం అని లోపలికి వెళ్ళిపోయాడు. నాలుగోసారి అడుగుతాడని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నా మొహం.

మర్నాడు ఒక్కడినే వెళ్ళి, వచ్చీరాని అరబీలో జరిగిందంతా చెప్పాను. బెహ్రూజ్ సార్ తల పట్టుకున్నాడు.

"చాయ్ దగ్గర చేస్తాం తారోఫ్. మనిషి నౌకరీతోనా? నీకిష్టం లేదని మా ముదీర్‌కు, అదే మేనేజర్‌కు, చెప్పేశాను. ఇప్పుడు నేను మాట మారిస్తే ఆయన వినడు. రేపు ఆ కుర్రాడే వచ్చి, తప్పు తనదేనని మా ముదీర్ ముందు చెప్పాలి. లేకపోతే ఎల్లుండి వేరేవాణ్ణి తీసుకుంటారు."

పరుగున క్రిస్ దగ్గరికి పోయాను. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు.

"ఏంటి బాబాయ్ అలా ఉన్నారు? మీకేం కావాలన్నా నేనున్నాగా. నోరు తెరిచి అడగండి."

అడిగాను.

"అబ్బే..." అని నసిగాడు. "ఏదో మాటవరసకన్నాను బాబాయ్. వాళ్ళ మేనేజర్ ముందు నాకు ఇది తెలీదని ఎలా చెప్పుకోను? ఇంజనీర్లంతా నవ్వరా?"

"నీ బాంచెన్ సారూ, నా బతుకు పోతది. ఒక్క మాట చెప్పు."

"అవదు బాబాయ్."

"క్రిస్ సారూ..."

"అవదన్నానా!" ఇయర్‌ఫోన్లు చెవుల్లో దోపుకున్నాడు. అందులో ఎవడో ఏదో జోకేసినట్టుంది, సిగ్గులేని వెధవ నవ్వాడు.

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ కాదన్నాడు. అది మాత్రం తారోఫ్ కాదు.