పద్నాలుగో షాట్

పై నుంచి కిందికి ఒక పట్టు. పక్కకి జరిగి, మళ్ళీ పై నుంచి కిందికి ఇంకో పట్టు. మొదటి పట్టు మీదకి రెండోది నాలుగు వేళ్ళ మేర ఎక్కాలి. తుడిచిన చోటికి తుడుపు కర్ర వెనక్కి రాకూడదు. కార్క్ ఊరి అవతల, ఓడరేవు పక్కన రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీ గోడల్ని జయకుమార్ రెండేళ్ళుగా ఇలాగే తుడుస్తున్నాడు. తల నుంచి మడమల దాకా తెల్ల సూటు, ముఖానికి మాస్కు, కళ్ళకి అద్దాలు, రెండు జతల చేతి తొడుగులు. ఆ వేషంలో ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. నడకని బట్టి గుర్తుపట్టాల్సిందే. భుజాలు కాస్త ముందుకి వంగి, ఎడమ పాదం కొంచెం బయటికి పడుతుంటే అది జయకుమార్ అన్నమాట.

ఆ గదుల్లో వెంట్రుక రాలితే తప్పు, చర్మం పొట్టు రాలితే తప్పు, తుమ్మితే మరీ తప్పు. మనిషి వచ్చి వెళ్ళిన జాడ లేకుండా చెయ్యడమే అతని ఉద్యోగం. అందులో అతనికి మంచి పేరుంది. ముప్ఫై ఒక్కేళ్ళ వయసులో, బయోటెక్నాలజీలో రెండు పీజీలు చేసిన మనిషికి ఆ పేరు ఎందుకు పనికొస్తుందంటే, ఎందుకూ పనికిరాదు.

ఇవాళ గురువారం, అతనికి ఆఖరి షిఫ్టు. చదువయ్యాక ఈ దేశంలో ఉండడానికిచ్చిన రెండేళ్ళ గడువు రేపటితో సరి. ఆ పైన ఉండాలంటే కంపెనీ పర్మిట్ ఇప్పించాలి, గోడలు తుడిచే పనికి పర్మిట్ రాదు. అదే భవనంలో, రెండు తలుపుల అవతల ఉన్న ల్యాబులో పనికైతే వచ్చేది. ఏప్రిల్లో ఆ ల్యాబుకి ఇంటర్వ్యూ కూడా ఇచ్చాడు. బాగా అయిందని స్నేహితులకి చెప్పడం అతను చేసిన తప్పు. వాళ్ళలో శ్రీహర్షకి దేనికీ ఆగే అలవాటు లేదు. ఆ సాయంత్రమే కేకు తెచ్చాడు, దాని మీద 'ల్యాబ్ జయన్న' అని క్రీముతో రాయించాడు. తొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది. "ఆన్ దిస్ అకేషన్" మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం అని. జయకుమార్ ఆ మాటని నమ్మాడు. ఈ అకేషన్ కాకపోతే ఇంకో అకేషన్ ఉంటుంది కాబోలనుకుని మరో అయిదు చోట్ల పెట్టాడు. కుదరలేదని చెప్పే మర్యాద ఇక్కడ అలా ఉంటుందని తెలుసుకునేసరికి జూన్ వచ్చింది. కేకు తిన్నవాళ్ళకి చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఇక్కడిదాకా లాక్కొచ్చాడు.

రెండింటికి సూటు విప్పి, బ్యాడ్జి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాడు. "యూ ఆర్ గ్రాండ్, జే," అందామె, తల ఎత్తకుండానే. సరేలే, పర్లేదు అనడానికి ఇక్కడివాళ్ళు అనే మాట అది. కారెక్కి కార్క్ సిటీ వైపు తిప్పాడు. శ్రీహర్ష ఫ్లాట్‌లో మూడింటికి మీటింగ్.

మీటింగ్ అంటే పాట షూటింగ్ గురించి. శ్రీహర్ష, యుగంధర్ కలిసి యూనివర్సిటీలో ఒక బ్యాండ్ పెట్టారు. పేరు 'తిరగబడ్డ గొడుగు'. కార్క్ గాలికి గొడుగు పట్టుకున్న ఏ తెలుగువాడికైనా ఆ పేరు ఇట్టే అర్థమవుతుంది. శ్రీహర్ష పాడతాడు, గిటారు వాయిస్తాడు. యుగంధర్ డ్రమ్స్. ఓడరేవులో ఎవరినో సాగనంపే పాట ఒకటి కట్టారు. సినిమా కోర్సు చదివే నిఖిల దానికి వీడియో తీస్తోంది, అదే ఆమె ప్రాజెక్టు. సోమవారం పొద్దున్న కాలేజీకి ఇచ్చెయ్యాలి. వాన వల్ల ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది. ఇంక శనివారం తప్పితే లేదు. సాయంత్రం నాలుగింటికి రింగాస్కిడీ నుంచి ఫెర్రీ కదులుతుంది, ఆ ఓడ వెనకాల ఉండగా తియ్యాలి.

జయకుమార్ విమానం శుక్రవారం.

ఇవాళ చెప్తే ఏమవుతుందో అతనికి తెలుసు. శ్రీహర్ష ముందు తిడతాడు, తర్వాత ఏడుస్తాడు, తర్వాత డబ్లిన్ ఎయిర్‌పోర్టుకి అందరూ బయల్దేరతారు. శుక్రవారం అలా పోతుంది, శనివారానికి ఎవరికీ కెమెరా ముట్టుకునే మనసుండదు. నిఖిల ప్రాజెక్టు మట్టికొట్టుకుపోతుంది. ఇది పైకి చెప్పుకునే కారణం. లోపలి కారణం సిగ్గు. ఆ కేకు గుర్తొస్తే అతనికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఫ్లాట్‌లో గోడకి పెద్ద చార్టు అంటించి ఉంది. ఎడమ పక్క షాట్లు, కుడి పక్క పనులు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు చీటీ. చార్టు నిండా గులాబీ చీటీలే. గులాబీ అంటే జయకుమార్.

"అన్నా, టైముకొచ్చావు," అంది నిఖిల నోట్లో పెన్ను పెట్టుకునే. గుంటూరు పిల్ల, ఇరవై మూడేళ్ళు, నిద్ర లేక కళ్ళ కింద నల్లగా ఉంది. "అన్నీ ఒకసారి చెప్పుకుందాం. ప్లేబ్యాక్ స్పీకర్ నువ్వు."

"అది యుగంధర్ దగ్గర పెడ్దాం," అన్నాడు జయకుమార్. "గాలికి పాట ఇనరాదు. డ్రమ్ము పక్కన పెట్టుకుంటే వానికన్న ఇనొస్తది."

ఆమె ఆలోచించింది. నిజమే. గులాబీ చీటీ పీకి పచ్చది అంటించింది.

"క్లాప్?"

"అది గూడ వాడే కొడ్తడు. తాళం తెల్సిన చెయ్యి."

ఇంకో చీటీ పోయింది. యుగంధర్ సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటూ సరే అన్నట్టు కాలు ఊపాడు.

"పోర్టు పర్మిషన్ లెటర్?"

"నీ పేరు మీదనే తీసుకున్న. నీ మెయిల్ల ఉన్నది. ఎవరన్న ఆపితే చూపెట్టు."

"వానొస్తే?"

"పెద్ద కవర్లు డిక్కీల పెట్టిన. కెమెరాకు రెండు, డ్రమ్ములకు నాలుగు. టేపు గూడ ఉన్నది."

"మరి డ్రైవింగ్..."

"హర్ష." జేబులోంచి కారు తాళం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇన్సూరెన్సుల నీ పేరు గూడ ఎక్కించిన. బండి ఇవాళ్టి నుంచి నీ దగ్గర్నే ఉండనీ. సామాను రేపే ఎక్కించుకోవచ్చు."

శ్రీహర్ష గిటారు పక్కన పెట్టి లేచి కూర్చున్నాడు. రాజమండ్రి వాడు, ఆశ్చర్యం వస్తే గొంతు రెండు వీధులకి వినపడుతుంది. "నాకా? నీ బండి నాకిస్తున్నావా జయన్నా? రివర్స్‌లో చిన్న గీత పెట్టానని నెల్లాళ్ళు తాళం దాచేశావు కదయ్యా బాబూ!"

"ఇప్పుడు మంచిగనే నడుపుతున్నవ్ కదా."

"చూశారా, ల్యాబ్‌లో ఉద్యోగం రాగానే మనిషికి ఎంత బద్ధకం వచ్చేసిందో! ఒక్క పనీ ఒంటి మీద వేసుకోడంలేదు." అని పెద్దగా నవ్వాడు. యుగంధర్ నవ్వాడు. నిఖిల కూడా నవ్వింది.

జయకుమార్ వాడి వైపు తిరిగాడు. ఇదే సమయం. ఇంతకంటే మంచి సందు దొరకదు. "హర్షా," అన్నాడు.

"ఏంటన్నా?"

వాడి ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. ఆ నవ్వుని తన చేత్తో తుడిచెయ్యడం జయకుమార్ వల్ల కాలేదు.

"రివర్సుల అద్దాలు చూస్కో," అన్నాడు.

అతని చూపు చార్టు వైపు వెళ్ళింది. పై నుంచి కిందికి గులాబీ చీటీలన్నీ పోయాయి. అతను గోడ తుడిచినంత శుభ్రంగా ఉంది. కింద ఒక్కటే మిగిలింది, షాట్ల వైపు, పద్నాలుగు దగ్గర: ఓడ వైపు తిరిగి నిలబడ్డ మనిషి వీపు.

"ఇది నేనెందుకమ్మా? వీపే కదా. ఎవలదైనా వీపే. యుగంధర్‌ను నిలబెట్టు."

"అట్లా కుదరదన్నా." నిఖిల మొట్టమొదటిసారి గట్టిగా చెప్పింది. "యుగంధర్ నిలబడితే బస్సు కోసం నిలబడినట్టుంటది. నీ భుజాలు కొంచెం ముందుకి వంగి ఉంటాయి చూడు, అవే కావాలి నాకు. నువ్వేం నటించొద్దు. ఓడ వెళ్తా ఉంటే చూస్తా నిలబడు, చాలు. ఈ పాట మొత్తానికి నాకు నచ్చిన షాట్ అదొక్కటే."

ఈ దేశానికొచ్చాక ఆరు కంపెనీలు, ఒక కాలేజీ, ఒక ప్రభుత్వం జయకుమార్‌ని తిరగేసి బోర్లేసి చూశాయి. అతనిలో ఇంకెవరి దగ్గరా దొరకనిది ఒకటుందని ఎవరూ అనలేదు. ఈ పిల్ల అంది, అదీ వంగిన భుజాల గురించి. అతనికి ఏడుపొచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వాన పడుతుందేమో చూస్తున్నట్టు నిలబడ్డాడు. నిజంగానే పడుతోంది.

వెళ్ళేటప్పుడు ఆమె ఒక తెల్ల చొక్కా చేతికిచ్చింది. కాలరు లోపల టేపు ముక్క మీద 'జయ 14' అని రాసి ఉంది. "హాట్ ప్రెస్ చేసుకుని రా అన్నా," అంది, అందరూ మళ్ళీ నవ్వారు.

అది పాత నవ్వు. కారిగలైన్‌లో మోరీన్ అనే పెద్దావిడ ఇంట్లో జయకుమార్‌ది పై గది. దిగిన మొదటి వారం ఆవిడ, నీ చొక్కా హాట్ ప్రెస్‌లో ఉంది అంది. ఎంత మంచావిడ, ఇస్త్రీ కూడా చేసిందనుకుని అతను ఇల్లంతా ఇస్త్రీ బల్ల కోసం వెతికాడు. ప్రెస్ అంటే ఇక్కడ అలమార అనీ, వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమార హాట్ ప్రెస్ అనీ, బట్టలు అందులో ఆరతాయనీ ఆవిడ నవ్వు ఆపుకున్నాక చెప్పింది. అప్పట్నుంచీ ఎవరి చొక్కా నలిగినా బ్యాండులో అదే వేళాకోళం.

అతను వాకిట్లో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే శ్రీహర్ష తలుపు పట్టుకుని నిలబడ్డాడు, వెనకాల నిఖిల. "శనివారం రెండింటికి మీ ఇంటి ముందు హారన్ కొడతా. రెడీగా ఉండాలి. వస్తావు కదా?"

జయకుమార్ లేచాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, ఎప్పుడూ ఉంచేదానికన్నా కొంచెం ఎక్కువసేపు ఉంచాడు.

"వస్త," అన్నాడు.

గడప దాటే తెలుగువాడెవడూ పోతున్నాను అనడు. అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. ఎంత దూరం పోతున్నా, మళ్ళీ ఎప్పుడొస్తాడో తనకే తెలియకపోయినా, వస్తాననే అంటాడు. జయకుమార్ అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. ఆ మాట ఒక్కటే అతన్ని ఆదుకుంది.

బస్సు కోసం నిలబడేసరికి వాన పెరిగింది. సంచిలో చొక్కా తడిసి ముద్దయింది. ఇంటికొచ్చి దాన్ని ఉతికి, పిండి, హాంగరుకి తగిలించి, హాట్ ప్రెస్‌లో పెట్టాడు. ఎందుకు పెడుతున్నాడో అతనికే తెలియదు. శనివారం షూటింగుకి వెళ్ళేవాడు పెట్టినట్టే పెట్టాడు. తర్వాత గది తుడిచాడు, పై నుంచి కిందికి. రెండు సూట్‌కేసులు మెట్ల కింద చేర్చాడు. అతను వెళ్తున్నాడని తెలిసిన ఒక్క మనిషి మోరీన్. ఆవిడ టీ పెట్టి ఇచ్చి, వాతావరణం గురించి మాట్లాడింది.

శుక్రవారం అయిదింటికే తెల్లగా తెల్లారింది. టాక్సీ మలుపు తిరిగింది. వీధిలో ఎవరూ లేరు.

శనివారం రెండింటికి హారన్ మోగింది. ఆకాశం నీలంగా ఉంది, నెల రోజుల్లో అలాంటి ఎండ లేదు. రెండోసారి హారన్ మోగాక మోరీన్ తలుపు తెరిచింది. శ్రీహర్ష, వెనకే నిఖిల దిగి వచ్చారు.

"జే? హి ఈజ్ గాన్, లవ్," అందావిడ. వాళ్ళ ముఖాలు చూసి గొంతు తగ్గించింది. "నిన్న పొద్దున్నే. ఇండియాకి. మీకు చెప్పలేదా?"

"అదేంటి," అన్నాడు శ్రీహర్ష. ఆవిడకి తెలుగు రాదని కూడా మర్చిపోయాడు. "వస్తానన్నాడే. నేను అడిగాను. వస్తానన్నాడు."

నిఖిల అతని చెయ్యి పట్టుకుంది. గడపలో, బూట్లు కట్టుకుని లేచి, భుజం మీద చెయ్యి వేసి అన్న మాట అది. ఆమెకి ముందు అర్థమైంది. చార్టు మీద ఒక్కొక్కటే పోయిన గులాబీ చీటీలన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. పీకింది తన చెయ్యే. వాడికి అర్థమయ్యేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు. అర్థమయ్యాక వాడు అక్కడే మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఒక చొక్కా ఉంది," అంది మోరీన్. "మీరొస్తే ఇవ్వమన్నాడు. వెళ్ళేముందు నా ఇస్త్రీ పెట్టె అడిగి తీసుకున్నాడు."

ఆవిడ వెనకాల మేడ మీదకి వెళ్ళారు. హాట్ ప్రెస్ తలుపు తీసింది. ట్యాంకు పక్కన, ఆవిడ తువ్వాళ్ళ మధ్య, తెల్ల చొక్కా హాంగరుకి వేలాడుతోంది. చేతుల మీద మడత గీత కత్తిలా ఉంది. కాలరు లోపలి టేపు మీద పేరున్న సగం చింపేసి ఉంది, పద్నాలుగు మాత్రం మిగిలింది. నిఖిల చెయ్యి చాపి తీసుకుంది. చొక్కా ఇంకా వెచ్చగా ఉంది.