మా సరస్సులో లేని చేప

యుద్ధం ముగిశాక వచ్చిన చలికాలం నేను మా అక్క సానెల్మ ఇంట్లో ఉన్నాను. బావ ఓయివా కాళ్లూ చేతులూ పోగొట్టుకోకుండా తిరిగొచ్చాడని ఊళ్లో అందరూ అక్క అదృష్టాన్ని మెచ్చుకునేవారు.

ఒక మధ్యాహ్నం బావ తెచ్చిన చేపలు కోస్తూ అక్క కత్తి ఆపింది.

"ఇలా రావే. ఇదేం చేపో చెప్పు."

"సీకా. అయితే ఏం?"

"మన సరస్సులో సీకా ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. మా సరస్సులో దొరికేవి చారలచేపలూ, పెద్ద పళ్లున్న వేటచేపలూ. వెండిలా మెరిసే ఈ సీకా కింద, ఏరు బండల మీద నుంచి దూకే చోట తప్ప దొరకదు. అక్క దాని పొట్ట చీల్చి వేలితో కెలికింది. ఇసుక రేణువులతో గూడు కట్టుకునే పురుగులు బయటపడ్డాయి. అవి పారే నీళ్లలో బతికే పురుగులు.

సాయంత్రం బావ పొయ్యి పక్కన కూర్చుని రొట్టె తింటుంటే అక్క మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఇవాళ వల ఎక్కడ తీశావు?"

"రాళ్లదీవి దగ్గర."

"సీకా కూడా పడ్డాయే."

"ఏది పడితే అది తెచ్చాను. ఇందులో అడిగేదేముంది?"

బావ పడుకోవడానికి వెళ్లాక అక్క అతని చేతితొడుగులు తీసి చూసింది. మంచు కింద నుంచి వల లాగినవాడి తొడుగులు చెక్కల్లా బిగుసుకుపోయి, పొయ్యి దగ్గర పెట్టగానే నీళ్లు కారుతాయి. ఇవి పొడిగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి నాకు అందించింది. పచ్చి కట్టె వాసన.

మర్నాడు బావ వెళ్లాక మేమిద్దరం కాళ్లకి మంచు మీద జారే స్కీలు కట్టుకుని, గడ్డకట్టిన సరస్సు మీదుగా రాళ్లదీవికి వెళ్లాం. వల దించడానికి మంచులో తవ్విన కన్నాలు ఎప్పుడో గడ్డకట్టుకుపోయాయి. వాటి మీద మంచు చెక్కుచెదరకుండా ఉంది. నక్క అడుగులు తప్ప ఇంకే జాడా లేదు.

"పాత చోట పడటం లేదని ఇంకెక్కడైనా వేస్తున్నాడేమో," అన్నాను.

"అలాగైతే ఆ మాట చెప్పడానికి నోరు లేదా?"

ఊరి డెయిరీలో పాలు పోయడానికి వెళితే అక్కడ పొరుగింటి వప్పు కాచుకుని ఉంది. ఆవిడకి ఎవరింటి పొగ ఎటు పోతుందో కూడా కావాలి.

"మీ ఆయన స్కీ జాడ మా గడ్డిపొలం అంచున భలే నునుపుగా పడిందే సానెల్మా. రోజూ తిరిగితే గానీ అంత నునుపు రాదు."

"చేపలకి వెళ్తాడు."

"వెళ్లనీ తల్లీ, నేనేమన్నాను? ఏటి ఒడ్డున హిల్యా వాకిట్లో కట్టెలు ఈ ఏడు చూరు దాకా లేచాయి. మగదిక్కు లేని కొంపలో వాటంతటవే పగులుతున్నాయి కాబోలు."

అక్క పాలక్యాను మూత బిగించి ఇంటి దారి పట్టింది.

హిల్యా మొగుడు యుద్ధంలో పోయాడు. ఆమె ఏటి దగ్గర ఒంటరిగా ఉంటూ, శరత్కాలంలో పట్టిన సీకాలను ఉప్పు వేసీ, చలి పడ్డాక దొరికినవాటిని మంచులో పాతిపెట్టీ దాచుకునేది. అక్కడికి సరస్సు మీదుగా అడ్డంగా వెళితే దగ్గర. మర్నాడు మేం బావ జాడ పట్టుకుని వెళ్లాం. ఆ జాడ సరస్సు మీదకి ఎక్కడా దిగలేదు. ప్రతి మడుగునీ చుట్టి, పొదల్లో దూరి, గట్టు వెంటే పోయింది.

"చూశావా, నలుగురి కంట పడకుండా ఎంత దూరం చుట్టి వెళ్తున్నాడో," అంది అక్క. నాకూ అలాగే తోచింది.

హిల్యా వాకిట్లో బావ గొడ్డలి ఎత్తి ఉన్నాడు. మమ్మల్ని చూసి మెల్లగా దించాడు. హిల్యా నాలుగు సీకాలను తాటికి గుచ్చి తెస్తూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదా నీ రాళ్లదీవి?" అంది అక్క.

బావ గొడ్డలిని మొద్దుకి ఆనించాడు.

"నీ మొగుడు కట్టెలు కొడతాడు, నేను చేపలిస్తాను," అంది హిల్యా. "ఇంకేదో అనుకుంటున్నావు. కాఫీకి లోపలికి రమ్మన్నా రాడు."

"రమ్మన్నావన్నమాట."

హిల్యా మొహం ఎర్రబడింది. అక్క ఆమె వైపు చూడకుండా గట్టు దిగి సరస్సు మీద నిలబడింది.

"రా, ఇంటికి పోదాం. ఇటునుంచి దగ్గర."

బావ గట్టు చివరిదాకా వచ్చాడు. స్కీ ముందుకి జరిపి వెనక్కి తీసుకున్నాడు. అంత చలిలోనూ అతని నుదుటి మీద చెమట కనిపించింది.

"రావా? అయితే ఇక్కడే ఉండు," అంది అక్క.

"రాలేడు," అంది హిల్యా. "నీకు చెప్పనే లేదా?"

అప్పుడు బావే చెప్పాడు, నేల వైపు చూస్తూ. యుద్ధంలో సైన్యం వెనక్కి తగ్గుతూ ఒక సరస్సు దాటుతుంటే ముందున్న గుర్రబ్బండి మంచు విరిగి లోపలికి పోయింది. దాని పగ్గాలు హిల్యా మొగుడి చేతిలో ఉన్నాయి. బావ బోర్లా పడుకుని చెయ్యి చాచాడు. వేళ్లు అందాయి గానీ పట్టు దొరకలేదు. ఆ రోజు నుంచీ మంచు మీద కాలు పెడితే కింద నుంచి ఎవరో తడుతున్నట్టు వినిపిస్తుందన్నాడు.

"ఆమెకి చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?" అంది అక్క.

"తన మొగుడు ఎలా పోయాడని ఆమె అడిగింది. చెప్పక తప్పలేదు. నీకు... చేపలు పట్టలేని మొగుణ్ణని ఎలా చెప్పను?"

అక్క గట్టెక్కి వచ్చింది. ముగ్గురం ఒడ్డు వెంటే, పొదలు తప్పించుకుంటూ ఇంటికి నడిచాం.

ఆ వారంలోనే అక్క గునపం భుజాన వేసుకుని తనే సరస్సు మీదకి వెళ్లి కన్నాలు తవ్వింది. వల తాడు కొసని ఒడ్డు దాకా తెచ్చి బావ చేతికిచ్చింది. బండ మీద నిలబడి అతను లాగేవాడు, మంచు మీద ఆమె చేపలు విడదీసేది. పెళ్లాన్ని మంచు మీదకి తోలి ఒడ్డున నిలబడ్డాడని వప్పు ఊరంతా చెప్పింది. చెప్పుకోనీ అంది అక్క.

మంచు కరిగాక బావ పడవ దించాడు. లోతు నీళ్ల మీద ఏ బెదురూ లేకుండా తెడ్డు వేస్తుంటే మాకే ఆశ్చర్యం వేసింది.

హిల్యా కట్టెలు మాత్రం మానలేదు. అక్కే రొట్టెలు కట్టి పంపేది. అయితే బావ మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడేది. తిరిగొచ్చాక, ఆమె ఎలా ఉంది అని అడిగి, జవాబు చెబుతున్నంతసేపూ అతని మొహమే చూసేది.